మోకాలు లోతు ప్రాణహితలో నడిచేలా మా అల్యూమినియం పడవ అడుగు మార్చుకున్నాం

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో, బజార్లో, రేవులో మేం మాట్లాడేది తెలుగే. మా ఊరి దగ్గరే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా తాతల నుంచీ ఈ సంగమంలో పడవ నడపడమే మా పని. మా అల్యూమినియం క్యాబిన్ పడవని లోతు లేని నీళ్లలో నడిచేలా ఎలా మార్చుకున్నామో, ఏ పని ముందు చేశామో, ఎందుకు చేశామో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పడవలు మన వైపు తక్కువే. కానీ ఎండాకాలం వస్తే శబరి అయినా, వంశధార అయినా, ఇంద్రావతి అయినా పరిస్థితి ఇదే కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు పడవ సంగతి. పొడవు 7 మీటర్లు, పైన వెడల్పు 2.4 మీటర్లు. ముందు వైపు చిన్న క్యాబిన్, వెనక 115 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, అంటే వెనక పలకకి బయట తగిలించేది. అడుగు రేకు 5 మిల్లీమీటర్ల మందం, 5083 రకం. సముద్రంలో పనిచేసే పడవలకి వాడే అల్యూమినియం అది. రేవులో మనుషుల్ని ఓడ దగ్గరికి చేర్చడానికి కట్టిన పడవ కాబట్టి అడుగు బాగా 'వి' ఆకారంలో ఉంటుంది, రెండు పక్కలా 18 డిగ్రీల వాలు. అలల మీద దబదబా కొట్టుకోకుండా నీళ్లని చీల్చుకుంటూ పోవాలంటే ఆ వాలు ఉండాలి. మా ఏట్లో అలలు ఉండవు. ఇసుక ఉంటుంది.

మరి అలాంటి పడవ ఇక్కడికెందుకు తెచ్చారని అడుగుతారు. మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్ 21న ప్రారంభమైంది. సంగమానికి దిగువన గోదావరికి అడ్డంగా 85 గేట్లతో కట్టారు. గేట్లు దించితే వెనక నీళ్లు ప్రాణహితలోకి కూడా ఎగదన్ని నిలబడేవి. ఎండాకాలంలో కూడా గెడ అందనంత లోతు. ఆ నీళ్లలో పొలాలు మునిగిన మా తాలూకా రైతుల బాధ నేను దగ్గరగా చూశాను, దాని గురించి విడిగా రాయాలి. పడవల వాళ్లకి మాత్రం అంతకుముందు ఎన్నడూ లేని లోతు దొరికింది. 2021లో ఈ పడవని విశాఖ వైపు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చింది ఆ లోతుని చూసే. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు, అంటే స్తంభాలు, కుంగాయి. నిల్వ ఉన్న నీళ్లు వదిలేశారు, గేట్లు ఎత్తి ఉంచారు. ఏరు మళ్లీ పాత ఏరు అయింది. పాత ఏరు కూడా కాదు, 2022 జులై వరద తెచ్చిపోసిన ఇసుకతో పాయలన్నీ చోటు మారాయి.

మా పడవ ఎక్కేవాళ్లలో సగం మంది అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లు. కొంతమంది పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని వస్తారు. రెండు నదులూ కలిసే చోటికి తీసుకెళ్లమంటారు. పడవ సగం దూరంలో ఇసుకలో కూర్చుంటే వాళ్లని అక్కడే దించి, తడి ఇసుకలో చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చేది. అది నాకు చాలా బాధగా ఉండేది. చెక్క నావ ఉంది కదా, అందులో తీసుకెళ్లొచ్చు అంటే, దాని అంచు ఎక్కి దిగడం వాళ్లవల్ల కాదు, పైన నీడ కూడా ఉండదు. అందుకే అల్యూమినియం పడవనే మార్చాలని పట్టుబట్టాను.

ఈ నది ఇలా ఇబ్బంది పెట్టడం కొత్తేం కాదు. గోదావరి డెల్టా నుంచి పైకి, ప్రాణహిత మీదుగా వార్ధా దాకా ఆవిరి పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ పథకం వేశాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మరి దగ్గర మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. వాటిని దాటించడానికి ఆనకట్టలు, లాకులు, కాలువలు మొదలుపెట్టారు. హేగ్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఆ పనిమీదే ఉన్నాడు. చివరికి 1871లో పని ఆపేశారు. దేవల్‌మరి మా ఎగువనే, ప్రాణహిత ఒడ్డున ఉంది. ఏటిని పడవకి తగ్గట్టు మార్చాలని అంత పెద్ద ప్రభుత్వం ప్రయత్నించి వదిలేసింది కాబట్టి, మేం పడవనే ఏటికి తగ్గట్టు మార్చుకోవాలి.

పని మొదలుపెట్టకముందు కొలతలు తీశాం. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదేనని నా నమ్మకం. రేవులో నిలకడ నీళ్లలో పడవ ఉంచి, మామూలుగా ఎక్కేంత మందిని ఎక్కించి, వెనక అంచు దగ్గర గుర్తులు పెట్టిన కర్రతో కొలిచాం. అడుగు నీటిమట్టానికి 36 సెంటీమీటర్ల కింద ఉంది. మోటారు కింది రెక్క అక్కడి నుంచి ఇంకో 42 సెంటీమీటర్లు దిగి ఉంది. మొత్తం 78. ఫిబ్రవరి దాటాక మా పాయల్లో చాలా చోట్ల అర మీటరు నీళ్లే ఉంటాయి. కాబట్టి 50 లోపు రావాలి. పడవ అడుగు చదును చేయిస్తే చాలని చాలామంది సలహా ఇచ్చారు. కానీ ఆ 78లో సగం కన్నా ఎక్కువ మోటారుదే. అడుగు పూర్తిగా చదును చేసి మోటారు ఉన్నచోటే వదిలేస్తే ఆ ఖర్చంతా ఇసుకపాలే. అందుకే వరస ఇలా పెట్టుకున్నాం: మొదట బరువు, తర్వాత మోటారు ఎత్తు, దానికి అవసరమైనంత మేరకే అడుగు కోత.

మోటారు తీసేసి జెట్ పంపు పెట్టుకోమని కూడా కొందరన్నారు. జెట్‌కి నీళ్లలో తిరిగే ఫ్యాను బయటికి ఉండదు, అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది. రాళ్ల ఏటికి మంచిదే. కానీ ఔట్‌బోర్డుకి జెట్ తగిలిస్తే శక్తిలో సుమారు 30 శాతం పోతుంది. అంతకన్నా ముఖ్యం, లోతు లేని చోట అది నీళ్లతోపాటు ఇసుకని కూడా పీలుస్తుంది. పంపు లోపలి గోడకీ రెక్కకీ మధ్య సందు చాలా తక్కువగా ఉండాలి. ఇసుక ఆ సందుని అరగదీసేస్తే తోపు తగ్గిపోతుంది. ప్రాణహిత ఇసుకలో అది నిలవదని నా అభిప్రాయం.

బరువు సంగతికొద్దాం. పడవని ట్రైలర్ మీద ఎక్కించి పత్తి మిల్లు కాంటా మీద తూచాం, తర్వాత ఖాళీ ట్రైలర్ తూచాం. పడవ 1,860 కిలోలు తేలింది. నీటిమట్టం దగ్గర ఈ పడవ పరుచుకునే చోటు సుమారు 11 చదరపు మీటర్లు. అంటే 110 కిలోలు దించితే ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే పడవలో ప్రతి వస్తువూ వేరేగా కనిపిస్తుంది. క్యాబిన్‌లో పడుకునే బల్లలు, చిన్న వంటగట్టు, టాయిలెట్ ట్యాంకు, రెండో బ్యాటరీ, సముద్రపు లంగరు గొలుసు అన్నీ తీసేశాం. 200 లీటర్ల పెట్రోల్ ట్యాంకు స్థానంలో 60 లీటర్లది పెట్టాం.

అయినా అసలు బరువు నేల కింద దొరికింది. మునగకుండా ఉండటానికి నేల పలకల కింద ఫోమ్ పోసి ఉంటుంది. పలకలు విప్పితే ఆ ఫోమ్ నిండా నీళ్లు. చేత్తో పిండితే కారుతోంది. తవ్వి తీసి తూస్తే 190 కిలోలు. తడి ఫోమ్ బరువు ఒక్కటే కాదు, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. గాలి తగలని చోట తడి అంటుకుని ఉంటే పైన ఉండే రక్షణ పొర మళ్లీ ఏర్పడదు, తెల్లటి పొడి రాలుతూ గుంటలు పడతాయి. అడుగంతా మందం కొలిచే మీటరుతో పరీక్షించాం. 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువ చూపించిన చోట్లకి సుద్దతో గీత గీసి, ఆ ముక్కలు కోసి కొత్తవి వేయించాం. పాత అల్యూమినియం పడవ కొనేవాళ్లు ఎవరైనా ముందు నేల పలక ఒకటి విప్పించి చూడండి. పైన మెరుగు చూసి డబ్బు ఇవ్వొద్దు.

మొత్తం 430 కిలోలు తగ్గాయి. ఒక్క కోత కూడా పెట్టకుండానే దాదాపు 4 సెంటీమీటర్లు లేచింది.

ఇక అడుగు కోత. 'వి' కొనని కింది నుంచి 10 సెంటీమీటర్లు కోసేసి అక్కడ చదును రేకు వేయాలన్నది ఆలోచన. 18 డిగ్రీల వాలులో 10 సెంటీమీటర్ల ఎత్తున అడుగు వెడల్పు సుమారు 62 సెంటీమీటర్లు ఉంటుంది. కోసేసిన భాగం ఇంతకుముందు నీళ్లని పక్కకి నెట్టేది. లెక్క వేస్తే అది దాదాపు 170 కిలోల తేలిక, అంటే అంత బరువుని నీళ్లు పైకి మోసేవి. అది పోతుంది కాబట్టి పడవ ఒకటిన్నర సెంటీమీటరు కిందికి దిగుతుంది. 10 పోయి ఒకటిన్నర వచ్చింది, అంటే లాభం ఎనిమిదిన్నర. ఇంకా పైకి కోస్తే లాభం ఇంకా ఉంటుంది కానీ, కోసేకొద్దీ పోయే తేలిక చాలా త్వరగా పెరుగుతుంది. పైగా లోపలి అడ్డ పట్టీలన్నీ మళ్లీ కట్టాల్సి వస్తుంది. ముందు వైపు కొంత భాగంలో 'వి'ని అసలు ముట్టుకోలేదు. ముక్కు పదునుగా ఉంటేనే వరద నీళ్లలో పడవ గీత తప్పకుండా పోతుంది.

మోటారు కోసం వెనక భాగంలో అడుగుకి సొరంగం పెట్టించాం. బోర్లించిన దోనె ఆకారంలో, 45 సెంటీమీటర్ల వెడల్పు, చివర 18 సెంటీమీటర్ల లోతు, పొడవు ఒకటిన్నర మీటరు. పడవ నడిచేటప్పుడు నీళ్లు ఆ దోనెలోకి ఎక్కి నిండుతాయి. ఫ్యాను అడుగు కన్నా పైన ఉన్నా దానికి నీళ్లు అందుతాయి. సొరంగం మొదలు నిటారుగా ఉంటే నీళ్లతోపాటు గాలి దూరి ఫ్యాను ఊరికే తిరుగుతుంది. అందుకే ఆ ఒకటిన్నర మీటరంతా మెల్లగా ఎక్కే వాలే. మోటారుని పాత చోటు నుంచి 28 సెంటీమీటర్లు పైకి తెచ్చాం. అందులో 10 కోసేసిన అడుగుకి, 18 సొరంగానికి. వెనక పలకలో మోటారు కూర్చునే గాడిని రేకుతో పూడ్చి ఎత్తు చేసి, దాని మీద జాక్ ప్లేట్ బిగించాం. జాక్ ప్లేట్ ఉంటే వర్షాకాలం లోతు నీళ్లలో మోటారుని కాస్త కిందికి దించుకోవచ్చు.

సొరంగం కోస్తే నడుమ వెన్నుపట్టీ తెగుతుంది. అందుకే పడవ వంగకుండా అడుగున ఏడెనిమిది చోట్ల చెక్క దిమ్మలతో ఒత్తు పెట్టి, కోతకి ముందే లోపల రెండు పక్కలా నిలువు పట్టీలు వెల్డ్ చేయించాం. తెగిన వెన్నుకి బదులు ఆ రెండూ బరువు మోస్తాయి. సొరంగం పక్కగోడలు కూడా వాటికే అతుకుతాయి. ఈ వరస తప్పితే పడవ నడుం వంగి మళ్లీ సరిచేయలేనంత పాడవుతుంది. కోత రంపంతోనే, గ్యాస్ కట్టర్ దగ్గరికి కూడా రానివ్వలేదు.

వెల్డింగ్‌కి మనిషిని వెతకడం పెద్ద టెన్షన్ అయింది. మా దగ్గర గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డర్లకి కొదవ లేదు, కానీ అది ఇనుము పని. చివరికి పెట్రోల్ ట్యాంకర్ల అల్యూమినియం బాడీలు చేసే మేస్త్రిని హైదరాబాద్ నుంచి పిలిపించుకున్నాం. రాగానే ఆయన అన్న మాట: "ఇది ఇనుము కాదన్నా. ఇనుము ఎర్రగయ్యి కరగబోతున్నా అని చెప్తది. ఇది చెప్పదు. ఒక్కసారే జారిపోతది."

ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది చాలా ఉంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ దాని పైన ఉండే ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. ఆ పొర గీకకుండా వెల్డ్ చేస్తే లోపల లోహం కరిగిపోతుంది, పైన తోలు మాత్రం అలాగే ఉండి అతుకు పట్టదు. అందుకే ప్రతి అంచునీ ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దేవాడు. ఆ బ్రష్ ఇనుము మీద ఒక్కసారి వాడినా మళ్లీ దీనికి పనికిరాదు. వెల్డ్‌కి గాలి తగలకుండా కాపాడే గ్యాస్ అచ్చమైన ఆర్గాన్, తీగ 5356 రకం. ఆర్గాన్ సిలిండర్లు ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల నుంచి తెచ్చుకున్నాం. గాలి వీస్తే ఆర్గాన్ ఎగిరిపోయి వెల్డ్‌లో బుడగలు పడతాయని షెడ్డుకి నాలుగు పక్కలా టార్పాలిన్ కట్టాం. తడి గాలిలో కూడా బుడగలు వస్తాయి. అందుకే సంక్రాంతి అయ్యాక, పొడి రోజుల్లో పని పెట్టుకున్నాం. వర్షాకాలంలో ఈ పని ఎవరూ చేయించొద్దు. మా ఊరి కరెంటు వోల్టేజీ నమ్మేలా లేదు కాబట్టి మెషిన్‌కి జనరేటర్ అద్దెకి తెచ్చాం.

అల్యూమినియం వేడిని చాలా త్వరగా పాకిస్తుంది, ఎక్కువగా సాగుతుంది. ఒక చివర నుంచి రెండో చివరకి ఏకంగా వెల్డ్ చేస్తే రేకు అలలు తేలుతుంది. మేస్త్రి ఇక్కడ నాలుగు వేళ్లంత, అవతలి పక్కన నాలుగు వేళ్లంత, మళ్లీ మధ్యలో, ఇలా చల్లారనిస్తూ వేశాడు. చూసేవాళ్లకి పని సాగడం లేదనిపిస్తుంది, మా బావ అయితే రోజూ ఆయన్ని తొందరపెట్టబోయేవాడు. ఆ నిదానమే పని. చదును రేకు నేలకి తగులుతుంది కాబట్టి 6 మిల్లీమీటర్లది వేయించాం. అదీ 5083 రకమే. కిటికీలకి వాడే అల్యూమినియం చవగ్గా దొరుకుతుంది కదా అని కొందరు అంటారు. అది 6063 రకం, ఆకారాలు తీయడానికి బాగుంటుంది కానీ వెల్డ్ పక్కన బలం బాగా పడిపోతుంది. పడవ అడుగుకి అది వాడకూడదు.

అడుగుకి ప్లాస్టిక్ షీట్ బిగిస్తే రాళ్ల మీద జారిపోతుందని విన్నాం. నిజమే, కానీ ఆ షీట్‌కీ రేకుకీ మధ్య ఇసుక, తడి చేరి నిలిచిపోతాయి. తడి ఫోమ్ చేసిన పని చూశాక నాకు అది ఇష్టం లేకపోయింది. దానికి బదులు నేలకి ఎక్కువగా రాసుకునే ముందు భాగంలో రెండు అల్యూమినియం పట్టీలు నిలువునా వెల్డ్ చేయించాం. అరిగితే పట్టీలు మార్చుకోవచ్చు.

ఇక వెనక భాగం తేలిక. సొరంగం వల్ల సుమారు 60 కిలోల తేలిక పోయింది, అదీ మోటారు బరువు ఉండే చోటే. మా పెద్దనాన్న పని మొదలైన రోజు నుంచీ ఒకటే చెబుతున్నాడు: "ముక్కు తేలితే సరిపోదురా, తోక తేలాలె. తోక కూసున్నదంటే పడవ కూసున్నట్టే." ఆయన జీవితమంతా చెక్క నావలో గెడ వేసినవాడు, ఏ లెక్కా కట్టకుండానే విషయం పట్టుకున్నాడు. వెనక పలకకి మోటారు రెండు పక్కలా రెండు మూసిన పెట్టెలు కట్టించాం, ఒక్కోటి 60 సెంటీమీటర్ల పొడవు. రెండూ కలిపి 120 కిలోల దాకా మోస్తాయి. వాటి అడుగు పడవ అడుగు కన్నా 4 సెంటీమీటర్లు పైకి ఉండేలా పెట్టాం. సమంగా పెడితే వేగంగా పోయేటప్పుడు నీళ్లని పట్టుకుని లాగుతాయి. పెట్టెల్లోకి కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి చూశాం. బుడగ వచ్చిన చోట గీకి మళ్లీ వేశాడు. గాలి ఎక్కువ ఎక్కిస్తే పెట్టె ఉబ్బిపోతుంది, జాగ్రత్త. సొరంగం అతుకులకి ఎర్ర రంగు ద్రవంతో చేసే పగుళ్ల పరీక్ష చేయించాం.

చిన్న పనులే అయినా మరిచిపోకూడనివి ఉన్నాయి. సముద్రపు పడవకి జింకు ముక్కలు బిగించి ఉంటాయి, పడవకి బదులు తుప్పు వాటిని తినేయడానికి. మంచినీళ్లలో జింకు సరిగా పనిచేయదు. మెగ్నీషియం ముక్కలు పెట్టించాం. రాగి కలిసిన అడుగు రంగు అల్యూమినియానికి విషం లాంటిది, అది అసలు వేయకూడదు. స్టీల్ బోల్టులు రేకుని నేరుగా తగలకుండా నైలాన్ వాషర్లు వేయాలి. తీసేసిన ఫోమ్‌కి బదులు నీళ్లు పీల్చని పాలిథిలీన్ దిమ్మలు పెట్టాం, అవి కూడా అడుగుకి ఆనకుండా పైన కట్టాం. కింద నీళ్లు ఆగకుండా పారిపోవాలి.

నీళ్లలో దించే ముందు నిలకడ పరీక్ష ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోవడం గోదావరి మీద బతికేవాళ్లం ఎవరం మరిచిపోలేదు. పడవ అడుగు నుంచి లోహం తీశాం, కింద ఉండే బరువులు తీశాం, క్యాబిన్ పైన అలాగే ఉంది. అంటే బరువు పైకి జరిగింది. అందుకే క్యాబిన్ పైకప్పు రేకు కోసేసి గొట్టాల మీద కాన్వాస్ నీడ వేశాం. ఒక్కో మనిషికి 75 కిలోల లెక్కన ఇసుక బస్తాలు నింపి, రేవులో అన్నీ ఒకే పక్కకి చేర్చి, ఆ పక్క అంచు నీళ్లకి ఎంత దగ్గరికొస్తుందో కొలిచాం. ఇంతకుముందు 12 మందిని ఎక్కించేవాళ్లం. ఆ కొలత చూశాక 8 మందే అని నిర్ణయించుకున్నాం. డబ్బు తగ్గుతుంది, తగ్గనీ.

కాగితాల పని కూడా ముందే కనుక్కోండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌ల్యాండ్ వెసెల్స్ యాక్ట్ 2021లో వచ్చింది. మోటారు పడవకి సర్వే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అడుగు మార్చిన పడవ కాగితాల్లో ఉన్న పడవ కాదు. కోతకి ముందు ఫొటోలు, కొలతల బొమ్మలు, రేకు కొన్న బిల్లులు, దాని రకం తెలిపే సర్టిఫికెట్, బస్తాల పరీక్ష కొలతలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాం. సర్వేకి వచ్చిన అధికారి మొదట అడిగింది ఆ ఫైలే. ఇన్సూరెన్సు వాళ్లకీ అదే ఇచ్చాం.

ఫలితం చెప్తాను. ఎనిమిది మందితో నిలబడి ఉన్నప్పుడు అడుగు 23 సెంటీమీటర్లు, మోటారు రెక్క దాని కింద 24. మొత్తం 47. వేగం అందుకుని పడవ నీళ్ల మీదికి లేచాక ఇంకా తక్కువ నీళ్లలో కూడా పోతుంది, కానీ మనుషులు ఉన్నప్పుడు అలా పోము. లోతు లేని చోట వేగంగా పోతూ ఒక్కసారి తగ్గిస్తే తోక కూర్చుంటుంది, ఫ్యాను ఇసుకలో దిగుతుంది. తగ్గించాలంటే ముందే కాస్త లోతు ఉన్న పాయ చూసుకోవాలి. ఎదురుగా నీళ్ల మీద సన్నటి అలల గీతలు కనిపిస్తే కింద తిన్నె ఉన్నట్టు, నున్నగా నల్లగా ఉంటే లోతు ఉన్నట్టు. ఇది పెద్దనాన్న నేర్పిందే, ఏ మీటరూ అవసరం లేదు.

మార్పు వల్ల పోయినవి కూడా చెప్పాలి. 'వి' కొన లేదు కాబట్టి మలుపులో పడవ పక్కకి జారుతుంది. చదును రేకు రెండు పక్కలా చిన్న నిలువు పట్టీలు వేయించాక చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. వాటి కింది అంచు చదును రేకు మట్టానికే ఉంటుంది కాబట్టి లోతు పెరగలేదు. రివర్స్ బలహీనపడింది, అప్పుడు ఫ్యాను ముందుకి తోసే నీళ్లు సొరంగం గోడకి కొట్టుకుంటాయి. రేవులోకి వచ్చేటప్పుడు ఒకళ్లు ముందు గెడ పట్టుకుని నిలబడాల్సిందే. వేగం కొంచెం తగ్గింది, మా పనికి అది లెక్కలోది కాదు. వరద ఎక్కువగా ఉన్న జులై, ఆగస్టుల్లో ఈ పడవ బయటికి తీయం. ఆ నీళ్లకి ఈ అడుగు తగదు.

మోటారు పైకి లేచింది కాబట్టి చల్లార్చే నీళ్లు పీల్చుకునే రంధ్రాలు కూడా పైకి వచ్చాయి. మోటారు వెనక నుంచి సన్నగా చిమ్మే నీళ్ల ధార మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండాలి. ధార సన్నబడితే వెంటనే ఆపేయాలి. ఇసుక నీళ్లలో వాటర్ పంపు రబ్బరు ఫ్యాను త్వరగా అరుగుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన గడువు ఇక్కడ నడవదు, మేం ప్రతి ఎండాకాలం మొదట్లో కొత్తది వేస్తాం, ఇంకోటి పడవలో పెట్టుకుంటాం. సాయంత్రం పని అయ్యాక మంచినీళ్ల పైపు తగిలించి కాసేపు మోటారు నడిపితే లోపలి ఇసుక కడుక్కుపోతుంది.

రేకు, మేస్త్రి కూలి, ఆర్గాన్, జనరేటర్, జాక్ ప్లేట్ అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటింది. కొత్త చదునడుగు పడవ కొనే డబ్బులో అది కొంత భాగమే. ఎండలు ముదిరాక కూడా ఇప్పుడు పెద్దవాళ్లని పడవలో నుంచి దించకుండానే సంగమం దాకా తీసుకెళ్తున్నాం. మార్చి చివర ఒక వారం మాత్రం కాళేశ్వరం వైపు పాయ మరీ పల్చబడి 40కి దిగింది, అప్పుడు పడవ ఆపేశాం. వచ్చే నవంబరులో పడవని మళ్లీ ఒడ్డుకెక్కించి సొరంగం అతుకులకి రంగు పరీక్ష చేయిస్తాం, ముందు పట్టీలు ఎంత అరిగాయో కొలుస్తాం. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆలోగా రెండో జత పట్టీలు కోయించి ఉంచుకోవాలి.